డిపోర్టీ అనే మాట రద్దయింది

ఇక మీదట జమైకాలో డిపోర్టీలు ఉండరని మంత్రి ఆనరబుల్ లాసెల్స్ టల్లక్‌గారు మా ఊరు సావనా లా మార్ చేపల మార్కెట్ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. మేమంతా చప్పట్లు కొట్టాం. మరి ఉన్నవాళ్ళు ఏమైపోతారని వెనక నుంచి ఎవరో అడిగారు. పరాయి దేశాలు తిప్పి పంపినవాళ్ళందరినీ ఆ క్షణం నుంచి ‘విదేశానుభవ సంపన్నులు’ అని పిలవాలని మంత్రిగారు సెలవిచ్చారు. ఇంత చవగ్గా ఒక సమస్యను తీర్చేసిన ప్రభుత్వాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

“తిప్పి పంపాలంటే ముందు వెళ్ళాలి కదా! వెళ్ళొచ్చినవాళ్ళు గొప్పా, ఇక్కడే కూర్చున్నవాళ్ళు గొప్పా?” అని మైకులో గద్దించారు. ఇక్కడే కూర్చున్న మేము సిగ్గుతో తలలు దించుకున్నాం.

మొట్టమొదటి సంపన్నురాలిగా మా డోరెట్ ఫాల్కనర్ ఎంపికైంది. మెట్ల పక్కనే వేయించిన చేపలూ, బామీ అనే కర్రపెండలం రొట్టెలూ అమ్ముతుంది కాబట్టి చేతికి దగ్గరగా దొరికింది. ఒకప్పుడు ఆరు నెలల వీసా మీద అమెరికా వెళ్ళి, ఒక మంచం పట్టిన ముసలావిడకు సేవ చేస్తూ తొమ్మిదేళ్ళు ఉండిపోయింది. తర్వాత పట్టుబడి, డిపోర్టేషన్ ఆర్డర్‌తో విమానం దిగింది. కూతురు కెరీన్ ఇప్పుడు కెనడాలో, టొరంటోలో నర్సు. ఇప్పుడు ఆరో నెల.

“నీ కోరికేంటో చెప్పమ్మా,” అన్నారు మంత్రిగారు, మైకు ఆమె మూతి దగ్గర పెట్టి.

“పుట్టబోయే బిడ్డకి నేనే నీళ్ళు పొయ్యాలి సార్. మా ఇంట్లో మొదటి స్నానం ఎప్పుడూ అమ్మమ్మదే. కాళ్ళూ చేతులూ సాగదియ్యాలి, ఒళ్ళంతా నూనె పట్టించాలి. అక్కడోళ్ళకేం తెలుసు, బిడ్డని గిన్నె కడిగినట్టు కడిగేస్తారు.”

“ఆ బిడ్డ పుట్టేనాటికి నువ్వు టొరంటోలో ఉంటావు. ఇది టల్లక్ మాట!”

బ్యాండు మోగింది. డోరెట్ ఏడ్చింది. ఆ సందట్లో రెండు చేపలు మాడిపోయాయి.

నేను ఇనుప సామాన్ల కొట్టువాణ్ణి, దానితోపాటు జస్టిస్ ఆఫ్ ది పీస్‌ని, పొట్టిగా జేపీని. అంటే పాస్‌పోర్టు ఫొటో వెనక ‘ఈ మొహం ఈ మనిషిదే’ అని సంతకం పెట్టే పెద్దమనిషిని. మర్నాడే డోరెట్ నా కొట్టుకొచ్చింది.

“జేపీగారూ, అమెరికావాళ్ళు పదేళ్ళు రావద్దన్నారు. ఆ పదేళ్ళూ అయిపోయినయ్. నేను అడిగేది కెనడాని. వాళ్ళకెందుకు ఈ గొడవంతా?”

“ఏ దేశం నుంచైనా, ఎప్పుడైనా పంపించేశారా అని అడుగుతారమ్మా. ఏ దేశమైనా అంటే అమెరికా కూడా. ఎప్పుడైనా అంటే పదేళ్ళు దాటినా సరే.”

“లేదని చెప్తే?”

“వేలిముద్రలు తీసుకుంటారు. వీళ్ళూ వాళ్ళూ ఒకళ్ళవి ఒకళ్ళు చూసుకుంటారు. అబద్ధమని తేలిందా, దానికి వేరే నిషేధం.”

“మంత్రిగారు ఆ మాటే రద్దు చేశారుగా!”

“ఇక్కడ రద్దు చేశారు.”

కాబట్టి నిజమే రాశాం. ఆర్డర్ కాపీ పెట్టాం. చేపల బండి ఉందనీ, సొంత ఇల్లుందనీ, చర్చి పాటల బృందంలో ఈమె లేకపోతే సాగదనీ, స్నానం చేయించి వచ్చేస్తుందనీ రాశాం. ఒకసారి ఉండిపోయిన మనిషి ఈసారి తిరిగొస్తుందని నమ్మించడమే అసలు కష్టం. చర్చిలో అక్కచెల్లెళ్ళు ఉపవాసం ఉన్నారు. పాస్టరుగారు పాస్‌పోర్టుకు అభిషేక తైలం పూశారు. “చాలు పాస్టరుగారూ, ఫొటో తడుస్తోంది,” అని నేనే ఆపాల్సి వచ్చింది.

అంతటితో ఊరుకుంటే మంత్రిగారు మంత్రిగారెందుకవుతారు? మమ్మల్ని రాజధాని కింగ్‌స్టన్‌కు పిలిపించారు.

“అడ్డంకి ఎక్కడుంది?” అని అడిగారు.

“వేళ్ళల్లో సార్,” అన్నాడు సెక్రటరీ.

మంత్రిగారు డోరెట్ చేతులు రెండూ పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. “వేలిముద్రలు మార్చే పథకమేదైనా మన దగ్గరుందా?”

“ఈ ఏడు బడ్జెట్‌లో లేదు సార్.”

“అయితే నా సిఫార్సు ఉత్తరమే గతి,” అని నిట్టూర్చి, అక్కడికక్కడే రాయించి, టీవీ కెమెరాలు వెంటబెట్టుకుని కెనడావారి ఆఫీసు గేటు దగ్గర స్వయంగా చదివి మరీ ఇచ్చారు. దేశమంతా విన్నది. “ఈ మహిళ సామర్థ్యానికి ఆమె గతమే సాక్ష్యం. ఆరు నెలలకు అనుమతిస్తే తొమ్మిదేళ్ళు ఉండి చూపించింది. అన్నేళ్ళలో ఒక్క అధికారి కంటా పడలేదు. ఎక్కడికి పంపితే అక్కడే స్థిరపడిపోగల నేర్పు ఈమె సొంతం. ఒకసారి అడుగుపెడితే కెనడా ఈమెను ఎన్నటికీ వదులుకోలేదని నా ప్రగాఢ విశ్వాసం.”

నేను ఆయన చెవి దగ్గరికి వంగాను. “సార్, ఆవిడ తిరిగొచ్చేస్తుందని మేం రాశాం...”

“తిరిగి రావడానికేముందయ్యా, ఎవడైనా వస్తాడు. ఉండిపోవడంలో ఉంది ప్రతిభ!”

జవాబు తొందరగానే వచ్చింది. గడువు ముగిశాక మీరు మా దేశం విడిచి వెళతారన్న నమ్మకం మాకు కలగలేదు, వీసా ఇవ్వలేము అన్నారు. డోరెట్ ఆ కాగితం మడిచి గౌను జేబులో పెట్టుకుని బండి దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేసి చెబితే మంత్రిగారు మాత్రం పొంగిపోయారు. “చూశావా, నా ఉత్తరం ఎంత శ్రద్ధగా చదివారో!”

ఆయన అధైర్యపడే మనిషి కాదు. తిప్పి పంపబడినవారి గౌరవం మీద ప్రపంచ మహాసభ సరిగ్గా అప్పుడే టొరంటోలో పెట్టారు. మన ప్రతినిధి బృందంలో డోరెట్‌తో కలిపి పన్నెండుమంది సంపన్నుల పేర్లు ప్రకటించారు. ఒక్కరికీ వీసా రాలేదు. అందుకని వాళ్ళ బాధను వినిపించడానికి మంత్రిగారు, వారి సతీమణి, బావమరిది, ఒక ఫొటోగ్రాఫరు వెళ్ళారు. ఎన్నడూ ఎవరూ ఎక్కణ్ణుంచీ వెళ్ళగొట్టనివాళ్ళు కావడంతో గొంతు వణకకుండా చక్కగా మాట్లాడారని పత్రికలు మెచ్చుకున్నాయి.

ఆ వారమే కెరీన్ ప్రసవించింది. ఆడపిల్ల.

రెండు రోజుల తర్వాత నేను పేపరు పట్టుకుని మార్కెట్‌కు వెళ్ళాను. చూపించకుండా ఉంటే బాగుండుననిపించింది, కానీ ఎలాగూ ఎవరో ఒకరు చూపిస్తారు. మొదటి పేజీలో పెద్ద బొమ్మ. మంత్రిగారు కోటు చేతులు పైకి మడిచి, నీళ్ళ తొట్టి ముందు కూర్చున్నారు. ఒక చేతిలో పాప. రెండో చెయ్యి కెమెరా వైపు ఊపుతున్నారు. ‘మాట నిలబెట్టుకున్న టల్లక్: అమ్మమ్మ తరఫున మొదటి స్నానం’ అని కింద రాశారు. రెండో కాన్పుకు అమ్మకు తప్పకుండా వీసా ఇప్పిస్తానంటే కెరీన్ కాదనలేకపోయిందట.

మార్కెట్ అంతా బండి చుట్టూ మూగింది. “నీ మనవరాలు పేపర్లో పడింది డోరెట్!” అని కొందరు సంబరపడ్డారు. డోరెట్ చేతులు గౌనుకు తుడుచుకుని పేపరు తీసుకుంది. మంత్రిగారిని చూడలేదు. బొమ్మను కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుంది.

“జేపీగారూ, ఫోన్ చెయ్యండి,” అంది. “తల కింద చెయ్యి పెట్టలేదాయన. మెడ వెనక్కి వాలిపోతోంది. ఎవరో ఒకళ్ళని పట్టుకోమనండి.”