గుంతాసురుడి పరిణామ క్రమం

పుట్టుకతో ఎవరూ విలన్ కారు. ముందు సర్క్యులర్ పుట్టాలి, దాని వెనక ఫైలు పుట్టాలి, ఆ రెండింటి మధ్య ఖాళీ దొరికితే విలన్ పుట్టాలి. పల్నాడులో ఈ వరస ఇంతవరకూ తప్పలేదు.

ఈసారి సర్క్యులర్ రోడ్డు భద్రతా బొమ్మల కథల సంఘం నుంచి వచ్చింది. నరసరావుపేటలో ఈ సంఘానికి ఒక గది, ఒక కన్వీనరు, తొమ్మిది నిబంధనలు ఉన్నాయి. బడి పిల్లలకు పంచడానికి మండలానికొక కామిక్ పుస్తకం తయారు చేయాలనీ, అందులో ఒక మహా విలన్ తప్పనిసరిగా ఉండాలనీ (హీరో ఉంటే ఉండవచ్చు) ఆదేశం. తొమ్మిదో నిబంధన ఇలా ఉంది: ఆమోదం పొందిన విలన్‌ను, పుస్తకం విడుదలైన ముప్పై రోజుల్లోగా క్షేత్రస్థాయిలో కూడా నిర్మూలించి నివేదిక పంపవలెను.

ఆ నిబంధన దాకా చదివిన మనిషి జిల్లాలో ఒక్కరే. కారంపూడి హైస్కూల్లో సోషల్ చెప్పే కాలేబు మాస్టారు. పదకొండు నెలలుగా ఆయన స్టాఫ్ రూములో నోరు తెరిచింది లేదు. పుస్తకం తాను రాస్తానని ఆయన చెయ్యెత్తితే, హెడ్ మిస్ట్రెస్ రామతులసి గారు చలేస్తోందేమో అనుకుని ఫ్యాను ఆపించారు.

మాస్టారికి ఒక విలన్ తెలుసు. ఊరు దాటాక రెండో కల్వర్టు దగ్గర పైపుల కోసం తవ్వి వదిలేసిన గుంత అది. పోయిన ఆగస్టులో వాన నీళ్ళు నిండి, చుట్టూ ఉన్న రోడ్డు కన్నా నున్నగా కనిపించింది. ఆయన బండి ముందు చక్రం అందులో దిగింది. వెనక కూర్చున్న భార్య సుభాషిణి పడిపోయింది. ఆస్పత్రిలో ఆయన మోచేతికి కట్టు కట్టారు. ఆమెకు కట్టే అవసరం లేకపోయింది.

గుంత ఇప్పటికీ ఉంది. రోజూ నలభై మంది పిల్లలు దాని అంచు మీదుగానే సైకిళ్ళ మీద బడికొస్తారు. పూడ్చమని మాస్టారు రాసిన పదమూడు అర్జీలకు జవాబు లేదు. కానీ అది విలన్ అయితే, తొమ్మిదో నిబంధన కింద పూడ్చక తప్పదు.

మాచర్ల స్టేషన్ దగ్గర దుకాణాల బోర్డులు రాసే ఫహీమ్ బొమ్మలు గీయడానికి ఒప్పుకున్నాడు. బడి గోడల మీద పటాలు గీయడానికి వచ్చినప్పుడల్లా సుభాషిణి చేతి అన్నం తిన్న మనిషి. అతను ముందు కల్వర్టు దగ్గరకెళ్ళి చూసొచ్చాడు.

"పళ్ళెన్ని పెట్టమంటారు మాస్టారూ?"

"చూశావుగా. ఉన్నన్ని పెట్టు."

అలా గుంతాసురుడు అవతరించాడు. పది అడుగుల నోరు, కంకర పళ్ళు, జుట్టుకు బదులు ఎర్రగుడ్డ కట్టిన సర్కారు తుమ్మ కొమ్మ. (గుంత ఉన్నట్టు తెలియడానికి ఊరివాళ్ళు నాటిన కొమ్మ అది. చిగురు వేయగానే ఒక శాఖ వారు దాన్ని మొక్కల పెంపకం లక్ష్యంలో కలుపుకున్నారు.) వాన పడితే మాయమైపోవడం అతని ప్రత్యేక శక్తి.

మొదటి పరిశీలనకు గుంతలు తవ్వే శాఖ, గుంతలు పూడ్చే శాఖ హాజరయ్యాయి. తవ్వడం తమ విధి, వదిలేయడం తమ విధుల జాబితాలోనే లేదు, లేని పని చేసినట్టు ఎలా గీస్తారని తవ్వే శాఖ అడిగింది. తమకు అప్పగించనంతవరకు ఏ గుంతా గుంత కాదని పూడ్చే శాఖ చెప్పింది. అప్పగించాలంటే అది తమదేనని తవ్వే శాఖ ఒప్పుకోవాలి. ఇద్దరు అధికారులూ ఒకే ప్లేటులో మిరపకాయ బజ్జీలు తింటూ రాతపూర్వకంగా విభేదించారు. గుంతను తక్షణమే తొలగించారు (పుస్తకంలోంచి).

రెండో రూపంలో విలన్ వాన నీరయింది. కన్వీనరు లక్ష్మీనరసయ్య గారు స్వతహాగా మంచి మనిషి. సాగర్ నీళ్ళ కోసం కాలవ గట్ల మీద పడిగాపులు కాసే జిల్లాలో నీళ్ళను విలన్ అంటే తననీ మాస్టారినీ ఊళ్ళల్లో తిరగనివ్వరని నచ్చజెప్పారు.

మూడో రూపం అతివేగం. ఎంత వేగమని అడిగారు. ముందు ఎరువు బస్తాల ట్రాక్టరు పోతోంది కనుక ఇరవై అని మాస్టారు నిజం చెప్పారు. ఇరవైతో మహా విలన్ కాలేరని సంఘం అభిప్రాయపడింది. కాళ్ళూ చేతులూ ఉన్న విలన్ అయితే పిల్లల మనసుకు హత్తుకుంటాడని సలహా ఇచ్చింది.

అయితే బండి నడిపినవాణ్ణే పెట్టండని మాస్టారు రాసిచ్చారు. ఆ కాగితం రాయడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. పదకొండు నెలలుగా మనసులో రాసుకుంటున్నదే. కానీ ప్రభుత్వ ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా విలన్‌గా వ్యవహరించడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. పైగా ఆయన సర్వీసు పుస్తకంలో సత్ప్రవర్తన అని ఉంది. అర్జీ తిరస్కరించారు.

"బండి మీద ఇంకెవరన్నా ఉన్నారా?" కన్వీనరు ఫైల్లోంచి తలెత్తకుండా అడిగారు.

"మా ఆవిడ."

"ఉద్యోగస్తురాలా?"

"కాదండీ. ఇంట్లోనే."

"హెల్మెట్?"

"లేదు. నాకుంది."

"ఇంకేం మరి. అడ్డు చెప్పే శాఖే లేదు."

తలెత్తి మాస్టారి మొహం చూశాక కన్వీనరు పెన్ను మూత రెండుసార్లు తీసి పెట్టారు. "రూల్సు నేను రాసినయ్యి కాదు మాస్టారూ," అన్నారు.

వెనకసీటు రాక్షసిని సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ రోజు పక్కింటి ఖాతూన్ బీ కోసం సుభాషిణి ఒళ్ళో పెట్టుకున్న మందుల సంచి ఆయుధం కింద నమోదైంది.

ఫహీమ్ బొమ్మల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టేశాడు.

"అక్కకి కోరలు పెట్టాలంట. దుకాణమన్నా మూసుకుంటా గానీ నేను గియ్యను. అసలు మీరెట్టా ఒప్పుకున్నారు మాస్టారూ?"

కాలేబు మాస్టారు కట్టకు దారం చుట్టి, ముడి వేసి, ఆ ముడిని కాసేపు చూశారు.

"విలన్ ఉండే చోటు మాత్రం మార్చనివ్వలేదు ఫహీమ్. రెండో కల్వర్టు. నిర్మూలించాలంటే వాళ్ళు అక్కడికి రావాలి. వస్తే గుంత కళ్ళబడుతుంది. పిల్లలు పోయే దారి కదా. సుభాషిణి ఏమీ అనుకోదులే."

కోరలు సంఘం కంప్యూటర్ ఆపరేటరు పెట్టాడు.

పుస్తకం విడుదలైన ఇరవై ఎనిమిదో రోజున జీపు వచ్చింది. డ్రైవరు అనుభవజ్ఞుడు కనుక గుంతను ఒడుపుగా తప్పించి అవతల ఆపాడు. కన్వీనరూ రెండు శాఖల అధికారులూ దిగారు. మాస్టారు గుంత అంచున నిలబడి చేత్తో చూపించారు. పూడ్చే శాఖ అధికారి గుంతనూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసి, ఇది ఇందులో లేదన్నారు. పుస్తకంలో ఉన్న మనిషి ఇక్కడ కనిపిస్తున్నదా అని దారిన పోయేవాళ్ళను విచారించారు. ఆమె పోయి ఏడాది దాటిందని వాళ్ళు చెప్పారు. వాంగ్మూలం రాసుకుని, సంతకాలు పెట్టించుకుని, జీపు మళ్ళీ గుంతను తప్పించుకుంటూ వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా ప్రశంసాపత్రం వచ్చింది. పుస్తకం విడుదలకు ముందే విలన్‌ను సంపూర్ణంగా నిర్మూలించిన ఏకైక మండలం కారంపూడి అనీ, అందులో కాలేబు మాస్టారు ప్రత్యక్షంగా వహించిన పాత్ర తోటి ఉపాధ్యాయులకు ఆదర్శమనీ అందులో ఉంది.