మిర్చి యార్డు ప్రామాణిక ముక్కు

గుంటూరు దాపున ఓ మిర్చి యార్డులో సరుకు ఘాటును నిర్ణయించే సర్వాధికారాలూ నన్నే సాహెబ్ అనే ఆయన కుడి ముక్కుకు దఖలుపడ్డాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

మూతి విప్పిన టిక్కీ బస్తా మీదికి ఆయన వంగుతాడు. ముక్కు నుంచి ఒక చుక్క రాలితే నాసిరకం, మూడు రాలితే మేలురకం, ధార కడితే ఎగుమతి. ఘాటు కొలిచే యంత్రం ఆఫీసులో లేకపోలేదు. దుమ్ము పడుతుందని అట్టపెట్టెలోంచి తీయలేదు.

నిరుడు బస్తాల గుట్ట మీంచి తలకిందులుగా పడేదాకా ఆయన మామూలు హమాలీ. పడ్డ మర్నాటి నుంచే ఈ విద్య అబ్బింది. అందరికీ రెండు ముక్కులూ కారే చోట ఈయనకు ఒక్కటే కారడం నిపుణతకు నిదర్శనమన్నారు. తలనొప్పి మాత్రం వదల్లేదు. పెద్దరికం వచ్చాక తలనొప్పులు తప్పవని సరిపెట్టుకున్నాడు పాపం.

భార్య జహీరున్నీసా సరిపెట్టుకోలేదు. ముక్కు డాక్టరు శరణ్యకు చూపించింది.

"ఇది జలుబూ కాదు, ఘాటూ కాదండి. మెదడు చుట్టూ ఉండే నీరు. పుర్రెకు చిల్లు పడినట్టుంది. స్కాన్‌లో తెల్లగా కనబడే మందొకటి నడుములోకి సూదితో ఎక్కించి సీటీ తీస్తే చిల్లు ఎక్కడో తెలుస్తుంది. పూడ్చకపోతే మెదడుకు చీము పట్టి ప్రాణం పోవచ్చు," అందావిడ.

వర్తక సంఘం అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులు లక్ష్మీనరసింహం గారు ఉపన్యసించారు.

"చిల్లు పడడం ఆయన సొంత విషయం. పూడ్చడం మార్కెట్ విషయం. సీజను మధ్యలో ఇంత స్వార్థం తగదని మనవి."

సీజను ముగిసేదాకా ఆపరేషనూ, అవసరమైతే మరణమూ వాయిదా వేసుకోవాలని తీర్మానించి శాలువా కప్పారు. నన్నే సాహెబ్ ఉబ్బితబ్బిబ్బై వంగి దణ్ణం పెట్టాడు. ధార కట్టింది. చప్పట్లు మోగాయి.

"చచ్చాక కఫను గుడ్డ కూడా వీళ్ళ చేతే కప్పించుకుంటావా ఏంది? నడు ఆసుపత్రికి," అని జహీరున్నీసా శాలువాతో సహా లాక్కుపోయింది.

స్కాన్‌లో మందు పుర్రె అడుగు నుంచి ముక్కులోకి తెల్లటి గీతలా దిగింది.

"మరి మిర్చి సంగతేంటమ్మా?" అనడిగాడు నన్నే సాహెబ్.

"మిర్చితో పనేముందండీ, చెప్పులేసుకోడానికి వంగినా కారుతుంది," అంది డాక్టరు.

ఆయనకు చావు భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. తొడలోంచి తీసిన పొరతో చిల్లు మూశారు. బతికిపోయాడు.

కోలుకున్నాక యార్డుకొచ్చి, తన చుక్కలకూ సరుకుకూ ఏ సంబంధమూ లేదని అందరి ముందూ చెప్పేశాడు. సంఘం ఆ మాట పక్కనబెట్టి, ముక్కు పాడుచేసిన వైద్యాన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది.

సీజనంతా ఒక్క చుక్కతోనే సరిపెట్టుకున్న రైతు బసవమ్మ, ప్రకాశం జిల్లా మనిషి, టిక్కీల పక్కన నిలబడి ఉంది. ఆయన ఆమె దగ్గరికెళ్ళి చేతులు జోడించాడు.

"నీ కాయ నాసిరకమన్నది నా మెదడు నీళ్ళమ్మా. తప్పయిపోయింది."

"ఊరుకో సాయిబూ," అంది బసవమ్మ. "ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడికి కాయ తెస్తన్నా. మాకు రేటు కట్టేప్పుడు మెదడులోంచి ఒక్క చుక్కన్నా ఖర్చుపెట్టినోడివి నువ్వొక్కడివే."