రేడియో ఆగితే చాలు

ఆ ఉదయం ఎలక్ట్రీషియన్ వేసుకున్న లెక్క చిన్నది. ఒక పాత మేడ ఇంట్లో పైగది ఫ్యాను మార్చాలి. గంట పని. కానీ చెప్పులేసుకునేసరికి గుమ్మంలో బావమరిది సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వీడెందుకు?" అన్నాడు భార్యతో.

"నిచ్చెన పట్టుకోవడానికి. పోయిన నెల పడింది మీరే కదా."

"ఇరవై రెండేళ్ళుగా ఒక్కణ్ణే చేస్తున్నా. నాకు రేడియో తోడు చాలు."

"మా నాన్నా అదే అనేవాడు," అందామె. "వాణ్ణి తీసుకెళ్తేనే గడప దాటండి."

ఆమె తండ్రిదీ ఇదే పని. పనిలోనే పోయాడు. పక్కన ఎవరూ లేరు. ఎలక్ట్రీషియన్ బావమరిదిని వెంటబెట్టుకుని దారి పొడుగునా సణిగాడు.

రేడియో సంగతి ఇది. పనిచేసే గదిలో దాన్ని ప్లగ్గులో పెట్టి గట్టిగా పాడిస్తాడు. కిందికెళ్ళి బోర్డులో స్విచ్చులు ఒక్కొక్కటే దించుతాడు. ఏది దించితే పాట ఆగుతుందో ఆ గదికి కరెంటు ఇచ్చేది అదే. కేకవేసి అడగడానికి మనిషి అక్కర్లేదు. కరెంటుంటే వెలిగే టెస్టర్ జేబులో ఉన్నా, తీసి ఏళ్ళయింది.

అతను మొదటి స్విచ్చు దించగానే పాట ఆగింది. సంతోషంగా పైకి వచ్చాడు. బావమరిది రేడియో గొంతు తగ్గించి ఫోనులో మాట్లాడుతున్నాడు.

"అక్క చేసింది బావా. మీరు క్షేమమేనా అని."

"నేను చెప్పేదాకా ఆ రేడియో నోరు మూయడానికి వీల్లేదు. అర్థమైందా?"

అయింది. బావమరిది అచ్చాఫీసులో పద్దెనిమిదేళ్ళు తప్పులు దిద్దిన మనిషి. చెప్పింది అక్షరం పొల్లుపోకుండా చేస్తాడు. మళ్ళీ పాట ఆగకూడదని ముందే తన టార్చిలోని బ్యాటరీలు తీసి రేడియోలో వేశాడు.

కింద ఎలక్ట్రీషియన్ స్విచ్చులన్నీ దించాడు. మెయినూ దించాడు. పైన పాట సాగుతూనే ఉంది. అతని ముఖం ఎర్రబడింది.

"మీ పైగదికి కరెంటు పక్కింటి నుంచి వస్తోందండీ," అన్నాడు ఇంటాయనతో.

పక్కిల్లు ఇంటాయన తమ్ముడిది. ఒకప్పుడు రెండూ ఒకే ఇల్లు. పంపకాల్లో మధ్య గోడ లేచాక అన్నదమ్ములకు మాటల్లేవు. ఇప్పుడు ఆ గోడ మీదుగా వచ్చాయి.

"నన్ను దొంగంటావా?" అని ఇంటాయన ఎలక్ట్రీషియన్ మీద లేచాడు.

"ఆయన అనడమేంటి, నేనే అంటున్నా," అన్నాడు గోడ అవతలి తమ్ముడు. "ఉండన్నయ్యా, నా మెయిన్ దించుతా. అప్పుడు తేలుతుంది."

దించాడు. పాట ఆగలేదు.

"నా తమ్ముడిది కాదుగా, ఇంకెవరిది?" అని ఇంటాయన వీధిలోకి నడిచాడు. అవమానం పడ్డ ప్రతి ఇల్లూ ఆ దొంగ లైను తమది కాదని చూపించుకోవడానికి మెయిన్ దించింది. ఏడిళ్ళకు కరెంటు పోయింది. కుట్టుమిషన్లు ఆగాయి. ఒకావిడ తడిజుట్టుతో బయటికొచ్చి ఎవడా పెద్దమనిషని అడిగింది. రేడియో హాయిగా పాడుతూనే ఉంది.

ఎలక్ట్రీషియన్ పైకి పరిగెత్తి రేడియో తిరగేశాడు.

"ఆగనివ్వలేదు బావా," అన్నాడు బావమరిది వినయంగా.

తర్వాత వీధి అన్న మాటలు రాయదగినవి కావు. తమ్ముడితో సహా అందరూ మెయిన్లు మళ్ళీ పైకి వేసుకున్నారు. ఇంటాయన మెయిన్ మాత్రం కిందే ఉంది. ఎలక్ట్రీషియన్ బ్యాటరీలు పీకి, పళ్ళు కొరుకుతూ నిచ్చెనెక్కాడు. ఫ్యాను తీగల మీదికి చెయ్యి చాచాడు. బావమరిది అతని కాలు పట్టుకున్నాడు.

"టెస్టర్ పెట్టండి బావా. అక్క నా చేత ఒట్టు వేయించుకుంది."

"మెయినే కిందుంటే ఇంకా టెస్టరేంట్రా? పొద్దుట్నుంచి నా పరువు తీసింది చాల్లేదా?"

"కాలు వదలను."

వాడి నోరు మూయించడానికే టెస్టర్ తీసి తీగకు ఆనించాడు. అది వెలిగింది.

పంపకాల్లో గదులు విడదీశారు గానీ తీగలు విడదీయలేదు. ప్లగ్గుకు అన్న ఇంటి కరెంటు, ఫ్యానుకు తమ్ముడి ఇంటి కరెంటు. రేడియో ఆగినా ఆ తీగలో కరెంటు ఉండేది. పక్కింటి కరెంటని పొద్దుట తను అన్నది నిజమేనని ఇప్పుడు వీధికంతా చాటవచ్చు. ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీదే కాసేపు కూర్చున్నాడు.

"కాలు వదలనా బావా?"

"కాసేపు ఉండనీ."

మర్నాడు పనికి బయలుదేరుతూ, బరువెక్కువని చెప్పి, రేడియోను ఇంట్లోనే వదిలేశాడు.