బాతిర్ పది అడుగులు

ఆ శుక్రవారం పొద్దున ఒరోజాలీ వేసుకున్న పథకంలో మూడే మూడు పనులున్నాయి. ఎనిమిదింటికి బాతిర్‌కు మందు, తొమ్మిదింటికి గంజి, పదకొండింటికి పశువుల డాక్టరమ్మ దగ్గరికి ప్రయాణం. గొర్రె సంగతి ఆ పథకంలో ఎక్కడా లేదు.

బాతిర్ అంటే కిర్గిజ్ భాషలో వీరుడు. ఈ వీరుడు నాలుగు నెలల చివావా కుక్కపిల్ల, బరువు తొమ్మిది వందల గ్రాములు. పుట్టుకతోనే తలలో నీరు చేరడంతో నుదురు బంతిలా ఉబ్బింది, కళ్ళు చెరో పక్కకు చూస్తుంటాయి. నడవమంటే ఎడమవైపు గుండ్రంగా తిరుగుతాడు తప్ప ఎదురుగా ఉన్న గిన్నె దగ్గరికి చేరలేడు. అమ్మకానికి పనికిరాడని పెంచినావిడ చంపే సూది వేయించబోతుంటే, ఒరోజాలీ కోటు జేబులో వేసుకుని బిష్కెక్‌లోని తన మూడో అంతస్తు ఇంటికి తెచ్చేశాడు.

భార్య అసిల్‌కాన్ అగ్గిమీద గుగ్గిలమైంది. "కుక్క గడప లోపలా? మా ఇంటా వంటా ఉందా? సరే, నెల రోజులు చూస్తా. పది అడుగులు తిన్నగా వేస్తే మందు పనిచేస్తున్నట్టేనని ఆ డాక్టరమ్మ చెప్పిందిగా? వేశాడా, ఉంటాడు. లేదా, తెచ్చిన చోటికే. ఈలోపు ఇంట్లో కుక్క ఉందని మూడో కంటికి తెలిసిందో, వాడితోపాటు నువ్వూ బయటికే!"

తెచ్చిన చోటికి పంపడమంటే సూదికి పంపడమేనని ఇద్దరికీ తెలుసు. ఆ గడువు ఈ శుక్రవారంతో తీరిపోతుంది.

ఒరోజాలీ ముప్పై ఏళ్ళు ట్రాలీబస్సు నడిపినవాడు. మలుపంటే ఏమిటో అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? "ఏరా, కుడివైపు ఏముందని నీకంత భయం?" అని నెలంతా బాతిర్‌నే అడిగాడు. గిన్నె చోటు మార్చాడు, కిటికీకి తెర కట్టాడు, నేలమీద సుద్దముక్కతో వాడి అడుగుజాడలు గీశాడు. ఒకరోజు తనే నాలుగు కాళ్ళ మీద వంగి, ఎడమవైపు తిరుగుతూ లోకం ఎలా కనబడుతుందో చూడబోయాడు. సరిగ్గా అప్పుడే అసిల్‌కాన్ లోపలికి వచ్చింది. చూసి వచ్చిన దారినే వెళ్ళిపోయింది, అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

శుక్రవారం ఆమె బజారుకు వెళ్ళగానే, మందు మింగిన బాతిర్ ఒక్క క్షణం ఆగి, గిన్నెకేసి తిన్నగా నాలుగు అడుగులు వేశాడు. తర్వాత మామూలే, ఎడమకు తిరిగాడు. అయినా నాలుగు! ఒరోజాలీకి ఒళ్ళు తెలియలేదు. శుభవార్త మోసుకొచ్చినవాడు కానుక కోరుతూ పెట్టే కేక పెట్టాడు, అదీ బాల్కనీలోకి పరుగెత్తి:

"సుయుంచు! సుయుంచు! మా బాతిర్ నడిచాడు!"

కింద తివాచీ దులుపుతున్న ఉల్కాన్ చేతిలోంచి కర్ర జారిపోయింది. రెండో అంతస్తులో ఉండే ఉల్కాన్‌కు నెల రోజులుగా ఒక అనుమానం. పసిపిల్లల్ని తూచే తూకం తన దగ్గర అరువు తీసుకెళ్ళారు. గోడల మూలలకు మెత్తటి ఉన్ని నమదా ముక్కలు కొట్టించారు. మెట్ల మీద ఒరోజాలీ ఫోనులో, "మాడు ఇంకా పూడలేదండీ, తలలో నీరు తగ్గిందంటారా డాక్టరమ్మా?" అంటుంటే చెవులారా విన్నది. ఓష్ పట్నంలో ఉన్న వీళ్ళ కూతురి బిడ్డే అయ్యుంటాడు, పాపం రోగిష్టి! జబ్బుపడ్డ పసివాడి గురించి అడిగితే దిష్టి తగులుతుందని ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. పదకొండు మందికి మాత్రం చెప్పింది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ.

ఆ పదకొండు మందీ గంటలో కిందికి దిగారు. బిడ్డ నడిస్తే కాళ్ళ తాడు కోసే వేడుక చెయ్యకుండా ఎలా ఉంటారు? నలుపు తెలుపు ఉన్ని పేనిన తాడు బిడ్డ కాళ్ళకు చుట్టాలి, పిల్లలు పరుగెత్తాలి, గెలిచినవాడు వచ్చి కోయాలి. ఆ ఇంటివాళ్ళకు పాపం ఆ ముచ్చట లేకుండా పోకూడదని ఆవరణ అంతా పట్టుబట్టింది. కాగు పొయ్యి ఎక్కింది. ఉల్కాన్ ఒక చేత్తో కొవ్వులో బోర్సోక్ పిండిముక్కలు వేయిస్తూ, రెండో చేత్తో తాడు పేనుతోంది. పెద్దాయన చొలొన్‌బాయ్ అల్లుడు బండిలోంచి గొర్రెను దించాడు.

ఒరోజాలీ కిటికీలోంచి చూసి కిందికి పరుగెత్తాడు.

"ఉల్కాన్ చెల్లెమ్మా, ఒక్క మాట. మా బాతిర్ మీరనుకుంటున్నట్టు కాదు..."

ఆమె గబుక్కున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "తెలుసన్నయ్యా, అంతా తెలుసు. నోటితో అనకు, దిష్టి."

"అది కాదు చెల్లెమ్మా, వాడిది నాలుగు కాళ్ళ నడక."

"అయితే ఏం? మా వాడు రెండేళ్ళదాకా పాకాడు. ఇప్పుడు పోలీసు!"

ఒరోజాలీ గొంతు తగ్గించాడు. "వాడికి తోక కూడా ఉంది."

ఉల్కాన్ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "అయ్యో దేవుడా, అదొకటా! బెంగపెట్టుకోకు అన్నయ్యా, ఈ రోజుల్లో అన్నిటికీ ఆపరేషన్లున్నాయి."

ఇక చొలొన్‌బాయ్‌కైనా చెబుదామని తిరిగేసరికి ఆ పెద్దాయన అరచేతులు చాచి దీవెన మొదలుపెట్టాడు. దీవెన మధ్యలో నోరెత్తకూడదు. అది ముగిసేసరికి గొర్రె పని కూడా ముగిసింది. కుక్కపిల్ల కోసం గొర్రెను కోయించానని ఇప్పుడు చెబితే ఈ పట్నంలో తలెత్తుకు తిరగగలడా?

సరిగ్గా అప్పుడే రెండు చేతుల్లో సంచులతో అసిల్‌కాన్ వచ్చింది. "ఏమిటీ సందడి? ఎవరింట్లో?"

"మీ ఇంట్లోనే తల్లీ!" ఉల్కాన్ ఆమెను వాటేసుకుంది. "నెల రోజులు ఒక్కదానివే మోశావు కదే! మాకు చెబితే పోయేదా?"

అసిల్‌కాన్ కాగు చూసింది, తాడు చూసింది, చివరికి మొగుడి మొహం చూసింది. గబగబా మెట్లెక్కింది. ఒరోజాలీ వెనకాలే ఎక్కాడు.

"నా తప్పేం లేదే. చెబుతూనే ఉన్నా, వింటేగా!"

ఆమె సంచిలోంచి చిన్న పొట్లం తీసింది. ఉడికించిన కోడి కాలేయం, సన్నగా తరిగి ఉంది. బాతిర్ గుండ్రంగా తిరుగుతూ వచ్చి ఆమె కాలికి తల ఆనించాడు.

"అదెవరికి?" అన్నాడు ఒరోజాలీ, నమ్మలేక.

"నువ్వు నోర్మూసుకో." ఆమె వంగి బాతిర్ తల నిమిరింది. "ఉదయం నుంచి బజారంతా తిరుగుతున్నా. ఇవాళ పంపెయ్యాలంటే కాళ్ళు ఇంటివైపు రాలేదయ్యా."

అని బాతిర్‌ను శాలువాలో చుట్టి చరచరా కిందికి దిగింది. ఆవరణ మధ్యలో నిలబడి శాలువా తీసింది.

"ఇదిగో మా బాతిర్. తలలో నీరుంది. తిన్నగా నడవలేడు. మీ గొర్రె డబ్బు మేమే ఇచ్చుకుంటాం. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వండి, రేపు నా వెనకాల నవ్వితే ఊరుకోను."

ఎవరూ నవ్వలేదు.

"నా తూకం మీద కుక్కను పెట్టావా అన్నయ్యా?" అంది ఉల్కాన్. "మా మనవళ్ళు ముగ్గురినీ దానిమీదే తూచాను!"

చొలొన్‌బాయ్ మాత్రం కర్ర ఊతంగా మోకాళ్ళ మీద వంగి, నేలమీద దింపిన బాతిర్‌ను తదేకంగా చూస్తున్నాడు.

"ఇది ఎడమకే ఎందుకు తిరుగుతోందిరా?"

"అదే బాబాయ్ నేనూ నెల రోజులుగా అడుగుతున్నది!" అన్నాడు ఒరోజాలీ, ప్రాణం లేచివచ్చి.

అంతే, తిట్టడానికి మూగినవాళ్ళంతా కుతూహలంతో వంగారు. చెవిలో ఏదో ఉందని ఒకరు, గుండె ఉన్నవైపే తిరుగుతోందని ఇంకొకరు వాదించుకున్నారు. పిల్లలు బాతిర్ వెనకాలే గుండ్రంగా తిరిగి కళ్ళు తిరిగి పడ్డారు. ఉల్కాన్ కూడా తూకం సంగతి మరిచి తాడును కింద పరిచిన నమదా మీద తిన్నగా వేసింది. "కాళ్ళకు కడితే పడతాడు. దీని పక్కనే నడిపిద్దాం. పేనింది వృథా పోకూడదుగా."

బాతిర్ తాడును వాసన చూశాడు. బోర్సోక్‌లు వేయించిన చేతులతోనే పేనింది గనక తాడు పొడుగునా కొవ్వే. ముక్కు ఆనించి ఒక అడుగు వేశాడు. రెండు. మూడు. ఆవరణ అంతా లెక్కపెట్టసాగింది. ఏడో అడుగు దగ్గర తల ఎడమకు వాలింది.

తాడు చివర అసిల్‌కాన్ మోకాళ్ళ మీద కూలబడి కాలేయం ముక్క చాచింది. "ఇటురా నాన్నా! నా బంగారు కదూ, ఇటు!"

బాతిర్ ముక్కు మళ్ళీ తాడుమీదికి వచ్చింది. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండో అడుగు ఆమె అరచేతిలో వేశాడు. ఆవరణ దద్దరిల్లేలా కేకలు లేచాయి. పిల్లలు పరుగెత్తారు, గెలిచిన పిల్ల తాడు కోసింది, అసిల్‌కాన్ శాలువాతో కళ్ళు తుడుచుకుంది.

పదకొండింటికి వెళ్ళాల్సినవాళ్ళు రెండింటికి వెళ్ళారు. నీరు అలాగే ఉందనీ, మందు జీవితాంతం వాడాలనీ, కొవ్వు మాత్రం పెట్టొద్దనీ డాక్టరమ్మ చెప్పింది. తిరిగి వస్తూ ఒరోజాలీ భయపడుతూనే అడిగాడు. "మరి ఆ గడువు?"

"ఏ గడువు?" అంది అసిల్‌కాన్.

ఇంట్లో కుక్క ఉండకూడదన్న ఆమె నియమం ఇప్పటికీ మారలేదు. బాతిర్‌ను కుక్క అనే ధైర్యమే ఆ ఆవరణలో ఎవరికీ లేదు.