సెకనుకు ఎనిమిది

ఆ శుక్రవారం ఉదయం క్రెసెన్సియో ఒవెలార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చన్నీళ్ళలో ఆకులు నానబెట్టిన తెరెరే చల్లగా తాగాలి, స్టూడియో తలుపు తీయాలి, ఆ తలుపులోంచి ఎవరొచ్చినా కూర్చోబెట్టి తన రెండు పాత కెమెరాల తారతమ్యం వివరించాలి. పదేళ్ళుగా ఆయన దినచర్య ఇదే. ఫోటోలు తీయడమనే పని మధ్యమధ్యలో అడ్డం వస్తూండేది.

రెండూ డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరాలే. రెండింటినీ తయారుచేసినవాళ్ళే మరచిపోయి చాలా కాలమైంది. ఒకదాని పేరు పెద్దమ్మ. సెన్సరు పెద్దది, బరువు ఇటుకంత, సెకనుకు మూడు ఫోటోలకు మించి తీయమంటే తీయదు. కానీ చర్చి చీకట్లో నిలబెట్టినా మనిషి చర్మాన్ని వెన్నలా చూపిస్తుంది. రెండోదాని పేరు చిచ్చరపిడుగు. సెన్సరు చిన్నది, వెలుతురు తగ్గితే ఫోటో మీద నువ్వులు చల్లినట్టు ఉంటుంది. కానీ సెకనుకు ఎనిమిది ఫోటోలు తీస్తుంది. ఎగిరే కొంగ, పరుగెత్తే గుర్రం, గోలు కొట్టే బూటు, ఏదీ దాన్నుంచి తప్పించుకోలేదు.

"పెద్దమ్మ మనుషులకి, పిడుగు జంతువులకి. ఈ ముక్క తారుమారు చేసినవాడు ఫోటోగ్రాఫరే కాదు," అనేవాడు క్రెసెన్సియో, పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చి ఇరుక్కుపోయినవాడితో.

"నాకు తెలిసిన తేడా ఒక్కటే. ఒకదానితో నేను పని చేస్తాను, రెండోదాని గురించి నువ్వు మాట్లాడతావు," అనేది ఆయన భార్య హెర్మీనియా.

ఆ వారం మాత్రం హెర్మీనియాకు హాస్యాలాడే ఓపిక లేదు. స్టూడియో ఉన్న కొట్టు డోన్ పోర్ఫిరియో సారటేది. ఆయన చెరకు లారీల యజమాని. ఇరవై రెండేళ్ళుగా వీళ్ళు అందులోనే ఉన్నారు. నెలాఖరుకు ఒప్పందం ముగుస్తుంది, సెల్‌ఫోన్ తొడుగులు అమ్మేవాడొకడు అప్పటికే వచ్చి గోడలు కొలిచి వెళ్ళాడు. డోన్ పోర్ఫిరియో ఒక్కగానొక్క కూతురు అరసెలీకి పదిహేనేళ్ళు నిండే పండగ ఆ ఆదివారమే. ఫోటోల పని వీళ్ళకే ఇచ్చి, "మా అమ్మాయి ఫోటోలు చూశాక కొట్టు సంగతి మాట్లాడదాం," అన్నాడాయన. అంటే ఏమిటో హెర్మీనియాకు అర్థమైంది. అప్పట్నుంచి ఆవిడకు నిద్ర లేదు. మొగుడు నిక్షేపంగా గురక పెట్టాడు.

ఇక్కడ మా వియ్యారికా సంగతి ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో ఇంటిపేర్లు రిజిస్ట్రారు కోసం, మారుపేర్లు జనం కోసం. మారుపేరును మనిషి ఎదుట ఎవరూ అనరు, వెనకాల వేరే పేరుతో ఎవరూ పిలవరు. సారటే వాళ్ళ మారుపేరు కార్పించో. పార్కు చెరువు గట్టున మందలుగా తిరిగే జంతువులే కార్పించోలు. ఎలుక మొహం, పంది ఒళ్ళు, ముందు రెండు పళ్ళూ ఉలుల్లా పొడుచుకొస్తాయి. డోన్ పోర్ఫిరియో తాతగారికి అలాంటి పళ్ళుండేవట. లారీలతో పాటు ఆ పళ్ళూ ఆ పేరూ మనవడికి సంక్రమించాయి. ఊళ్ళో అందరూ ఆ పేరు మరచిపోయారని ఆయన గట్టి నమ్మకం. నలభై ఏళ్ళుగా ఆయన చెవిన పడలేదు మరి, పాపం.

శుక్రవారం మధ్యాహ్నం డోన్ పోర్ఫిరియో భార్య న్యా దిగ్నా ఫోన్ చేసింది. ఆదివారం చర్చిలో తీద్దామనుకున్న ఫోటోలు, అమ్మాయి ముచ్చటపడుతోంది గనుక, శనివారం పొద్దున్నే పార్కు చెరువు దగ్గర తీయాలట. హెర్మీనియా ఆ సాయంత్రమే చెల్లెలి ఆపరేషనుకని పక్క ఊరు కొరొనెల్ ఒవియేదోకు బస్సు ఎక్కాలి. మొగుడికి అంతా విడమరిచి చెప్పింది. ఆయన ఒక బీమా ఏజెంటుకు సెన్సరు బొమ్మ గీసి చూపిస్తూ "ఊఁ, ఊఁ" అన్నాడు. ఆ ఊఁ విలువ తెలిసిన ఇల్లాలు కాబట్టి ఆర్డర్ల పుస్తకంలో కూడా రాసిపెట్టింది. ఆ పుస్తకం ఇంట్లో వాళ్ళిద్దరే చూసేది గనుక, ఊరంతా రాసుకునేట్టే రాసింది:

"శనివారం ఆరున్నర. పార్కు చెరువు గట్టు. కార్పించో కుటుంబం మొత్తం, పిల్లతో సహా. పెద్దది పట్టుకెళ్ళు. ఎక్కువ మాట్లాడావంటే పారిపోతారు."

శనివారం ఐదింటికి లేచి అది చదివిన క్రెసెన్సియో ఆనందం పట్టలేకపోయాడు. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చే ఏడు కేలండరు మీద కార్పించో బొమ్మ వేస్తారని తెరెరే తాగేవాళ్ళ మధ్య ఒక మాట నలుగుతోంది. ఆ పని తనకే వచ్చిందన్నమాట! "పారిపోతారు" అన్నచోట కాస్త ఆగాడు. ఎప్పుడూ మనుషుల ఫోటోలు తీసే ఆడది, జంతువులకు కూడా మర్యాద ఇచ్చింది అనుకున్నాడు. పెద్దది అంటే పెద్ద లెన్సు, ఇంకేముంది! మోచెయ్యంత లెన్సును పిడుగుకు బిగించాడు, ఆకుపచ్చ మచ్చల చొక్కా తొడిగాడు, టోపీలో గడ్డి గుచ్చుకున్నాడు, ఆర్డర్ల పుస్తకాన్ని సంచిలో పడేసుకున్నాడు. పెద్దమ్మను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆరున్నరకు చెరువుకు ఈ పక్కన రెల్లుపొదలో ఆయన బోర్లా పడుకుని ఉన్నాడు. అదే ఆరున్నరకు ఆ పక్కన వెదురు గుంపు వెనక సారటే కుటుంబం వ్యాను దిగింది. ముందు డోన్ పోర్ఫిరియో, ఆ వెనక న్యా దిగ్నా, చేతిలో తెరెరే ఫ్లాస్కుతో ఆవిడ తల్లి న్యా ఉల్పియానా, అందరికంటే చివర అరసెలీ. ఆ పిల్ల గౌను లోపల తీగచుట్టలు పెట్టి కుట్టారు, వ్యాను తలుపులోంచి దాన్ని బయటికి లాగడానికి ముగ్గురికి పది నిమిషాలు పట్టింది. తీరా చూస్తే ఫోటోగ్రాఫరు లేడు. డోన్ పోర్ఫిరియో ఫోన్ తీశాడు.

రెల్లులో ఫోన్ వణికింది. క్రెసెన్సియో కన్ను కెమెరా నుంచి తీయకుండానే, పేరు చూడకుండానే, చెవిన పెట్టుకున్నాడు.

"ఎక్కడ చచ్చావయ్యా?"

"శ్... మెల్లగా అనండి. చెరువు దగ్గరే, పొదలో పడుకుని ఉన్నాను."

"పొదలో పడుకున్నావా? ఎందుకూ?"

"కార్పించోలు వచ్చేశాయండీ. కుటుంబం కుటుంబమంతా!"

అవతల డోన్ పోర్ఫిరియో ఫోన్‌ను చెవికి ఇంకాస్త నొక్కుకున్నాడు. నలభై ఏళ్ళ నమ్మకం కూలడానికి కాస్త సమయం పడుతుంది.

"ఏమన్నావ్?"

"నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయండీ. ముందు లావుపాటి మగది, దాని పళ్ళు చూడాలి మీరు, చెంచాల్లా ఉన్నాయి! వెనకాల ముసలిది, ఒళ్ళంతా మడతలు. పిల్ల మటుకు ముద్దొస్తోంది. అందుకే ముందు పిల్లను కొడతాను. ముసలిది ఎలాగూ పరుగెత్తలేదు, దాన్ని నిదానంగా కొట్టొచ్చు. మీరేం కంగారు పడకండి, ఒక్కటి కూడా తప్పించుకోదు."

డోన్ పోర్ఫిరియోకు తన మీద పగబట్టినవాళ్ళు గుర్తొచ్చారు. కిందటి నెలే ఇద్దరు డ్రైవర్లను పనిలోంచి తీసేశాడాయన. రెల్లు వైపు చూస్తే, పొదలోంచి పొడుచుకొచ్చిన నల్లటి గొట్టం ఒకటి కనబడింది.

"దిగ్నా! తుపాకీ! మనల్ని కాల్చడానికి వచ్చారే!"

న్యా దిగ్నా పెట్టిన కేకకు కార్పించోలన్నీ బుడుంగున చెరువులో పడ్డాయి. క్రెసెన్సియోకు ఒళ్ళు మండింది. పొద్దున్నే ఏ దరిద్రులురా బాబూ అనుకుంటూ, జూమ్ వెనక్కి తిప్పి, కేక వచ్చిన వైపు గొట్టం తిప్పాడు. నీలిరంగుది ఏదో బ్రహ్మాండంగా కదిలింది. కదిలేది కనబడితే ఆయన వేలు ఆయన మాట వినదు. పిడుగు పాత కుట్టుమిషనులా టకటకటకటకమంది. వెదురు వెనక గొల్లుమన్నారు. ఆ వెంటనే గాలిలో తేలుతూ వచ్చిన తెరెరే ఫ్లాస్కు క్రెసెన్సియో నెత్తిన పడింది.

ఆయన గడ్డి టోపీతో లేచి నిలబడేసరికి, న్యా ఉల్పియానా రెండో చెప్పు కూడా చేతిలోకి తీసుకుని సిద్ధంగా ఉంది. అరసెలీ గౌను అంచున బురద. న్యా దిగ్నా మూడో మేరీ మాత ప్రార్థనలో ఉంది. డోన్ పోర్ఫిరియో మాత్రం మోకాళ్ళకు అంటిన మట్టి దులుపుకుంటూ అప్పుడే లేస్తున్నాడు.

"నువ్వా! ఏరా, నువ్వా! నా కొట్టులో ఇరవై రెండేళ్ళు కూర్చుని, నన్నే పట్టుకుని ఆ మాట అంటావా?"

"అయ్యో, మిమ్మల్ని కాదండీ! నిజం కార్పించోలండీ! ఇదిగో, పుస్తకంలో రాసుంది చూడండి!" అన్నాడు క్రెసెన్సియో. కొరివితో తల గోక్కోవడం అంటే అదే. పుస్తకం డోన్ పోర్ఫిరియో చేతికి వెళ్ళాక, అందులో రాసింది ఎవరి గురించో అప్పుడు అర్థమైంది క్రెసెన్సియోకు.

డోన్ పోర్ఫిరియో పైకే చదివాడు. "కార్పించో కుటుంబం మొత్తం... పిల్లతో సహా..."

"అది మనమే నాన్నా," అంది అరసెలీ.

"నీకెలా తెలుసే?"

"స్కూల్లో ఫస్టు క్లాసు నుంచీ అంటున్నారు. నీకు తెలీదా?"

పుండు మీద కారం చల్లినట్టయింది పెద్దమనిషికి. పుస్తకం నేలకేసి కొట్టాడు. "నెలాఖరుకల్లా కొట్టు ఖాళీ చెయ్! ఆ ఫోన్ తొడుగులవాడికి ఇవాళే తాళం ఇస్తున్నాను!"

రాత్రి బస్సు దిగి వచ్చే హెర్మీనియా మొహం క్రెసెన్సియో కళ్ళ ముందు ఆడింది. ఏం చెప్పాలి ఆవిడకు? భయం వేసినప్పుడు మనిషి తనకు వచ్చినదే మాట్లాడతాడు. "మీరు ఒక్కటి గమనించాలండీ. ఈ కెమెరా సెన్సరు చిన్నదే, కాదనను, కానీ సెకనుకు ఎనిమిది..."

"నోరు ముయ్యి!" డోన్ పోర్ఫిరియో రొమ్ము విరుచుకున్నాడు. "తుపాకీ అనుకున్న క్షణంలో కూతురికి అడ్డంగా దూకిన తండ్రినిరా నేను! ప్రాణం లెక్కచేశానా? నన్ను పట్టుకుని జంతువు అంటావా!"

"ఎవరు దూకారూ?" అంది న్యా ఉల్పియానా.

"నేనే అత్తయ్యా. మీకు చూపు ఆనదు కదా."

"నాకు ఆనకపోతే పోయె. ఆ గొట్టానికి ఆనుంటుందిగా."

అరసెలీ అప్పటికే క్రెసెన్సియో మెడలోంచి కెమెరా లాక్కుంది. వెనక తెర మీద ఇరవై ఆరు ఫోటోలు. తల్లి, కూతురు, మనవరాలు తలలు దగ్గరపెట్టి ఒక్కొక్కటే చూశారు. మొదటి దాంట్లో అందరూ నిలబడి ఉన్నారు. మూడో దాంట్లో డోన్ పోర్ఫిరియో కళ్ళు బయటికొచ్చాయి. ఐదో దాంట్లో ఆయన వెనక్కి తిరిగాడు. తొమ్మిదో దాంట్లో కూతురి గౌను అంచు రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. పదమూడో దాంట్లో తలా భుజాలూ తీగచుట్టల లోపలికి వెళ్ళిపోయాయి. ఇరవయ్యో దాని నుంచి చివరిదాకా రెండు బూట్లు తప్ప ఆయన ఎక్కడా లేడు. అన్నిట్లోనూ అందరికంటే ముందు నిలబడి ఉన్నది ఫ్లాస్కు ఎత్తిన న్యా ఉల్పియానా.

మాట్లాడకుండా ఉండడం చేతకాని ఒకే ఒక్కడు మాట్లాడాడు.

"చూశారా! ఇదే పెద్దమ్మతో అయితే సెకనుకు మూడే వచ్చేవి. ఇంత వివరంగా ఉండేవి కావు. అడ్డంగా దూకారో, లోపలికి దూరారో తేలేదే కాదు."

"మా నాన్న ఫోటోల్లో నాకు బాగా నచ్చినవి ఇవే," అంది అరసెలీ, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతూ. "ఆల్బంలో మొదటి పేజీ నుంచీ వరసగా ఇవే పెట్టాలి."

"పదమూడోది మటుకు గోడంత చేయించు నాయనా," అంది న్యా ఉల్పియానా. "ఈ సంబంధం వద్దని అప్పుడే చెప్పాను, ఎవరైనా విన్నారా?"

న్యా దిగ్నా మొగుణ్ణి తలనుంచి బూట్లదాకా ఒకసారి చూసి, కూతురి గౌను దులపడం మొదలుపెట్టింది.

డోన్ పోర్ఫిరియో క్రెసెన్సియో భుజం మీద చెయ్యి వేసి వెదురు గుంపు చాటుకు తీసుకెళ్ళాడు. గొంతు పూర్తిగా మారిపోయింది.

"క్రెసెన్సియో, తమ్ముడూ. అవి తుడిచెయ్."

"నెలాఖరుకు సామాన్లు సర్దుకోవాలి కదండీ, తీరిక దొరకదేమో."

"నెలాఖరు అన్నాను గానీ, ఏ నెలాఖరో అన్నానా?"

"అనలేదండీ."

"ఐదేళ్ళ తర్వాతి నెలాఖరు. పద, నోటరీ తొమ్మిదింటికి తలుపు తీస్తాడు."

పదకొండు గంటలకు సంతకాలు అయిపోయాయి. డోన్ పోర్ఫిరియో కళ్ళ ముందే క్రెసెన్సియో ఇరవై ఆరు ఫోటోలూ తుడిచేశాడు. మాట మీద నిలబడే మనిషే ఆయన. కానీ వాళ్ళు వెదురు చాటున బేరమాడుతుండగా అరసెలీ ఆ తెరను తన ఫోన్‌తో ఒక్కొక్కటే ఫోటో తీసుకుందన్న సంగతి ఇద్దరికీ తెలియదు. ఆదివారం ఉదయం చర్చి మెట్ల మీద న్యా ఉల్పియానా ఆ ఫోన్ పట్టుకుని నిలబడింది. సోమవారానికి మా ఊళ్ళో డోన్ పోర్ఫిరియోను కార్పించో అనేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఆయన పేరిప్పుడు పావడా.

హెర్మీనియా ఆదివారమే చర్చిలో పెద్దమ్మతో అరసెలీ ఫోటోలు తీసింది. వెన్నలాంటి చర్మం, మెత్తటి వెలుగు, ఒక్కటీ వంక పెట్టేందుకు లేదు. అందరూ బాగున్నాయన్నారు. ఎవరూ రెండోసారి చూడలేదు.

సోమవారం ఆవిడ ఒప్పందం కాగితాలను బీరువాలో పెట్టబోతూ ఆగి చదివింది.

"తొమ్మిదో షరతు చూసే సంతకం పెట్టావా?" అని అడిగింది.

"తొమ్మిదోదా? ఆ సమయానికి నేను నోటరీకి రెండు సెన్సర్ల తేడా చెబుతున్నాను," అన్నాడు క్రెసెన్సియో.

హెర్మీనియా పైకి చదివి వినిపించింది: "సెకనుకు మూడింటికి మించి ఫోటోలు తీయు యంత్రమేదియు ఈ ఆవరణలో ఉంచరాదు, దానిని గూర్చి మాట్లాడనూ రాదు."