కారుకేం లేదు

ఆ ఆదివారం పొద్దున కొరియా గారి కార్యక్రమం నిమిషాలతో సహా కాగితం మీద రాసి ఉంది. ఏడింటికి స్నానం, ఏడున్నరకి ఇస్త్రీ చొక్కా, ఎనిమిదింటికి అద్దం ముందు ఉపన్యాసం ఒకసారి అప్పజెప్పుకోవడం, తొమ్మిదిన్నరకి పై అంతస్తులో ఉండే పళ్ల డాక్టరుని పక్కన కూర్చోబెట్టుకుని కార్లో బయల్దేరడం. పదకొండింటికి షోరూములో సభ. షోరూము పెట్టి పాతికేళ్లయిందట. అందులో ఆయనకు షీల్డు.

ఆయన అసలు పేరు నీటి సరఫరా ఆఫీసు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అక్కడ రికార్డు గదికి హెడ్ క్లర్కు. పద్నాలుగేళ్ల కిందట ఒక కొరియా కంపెనీ కారు కొన్నారు. కొన్నవాడు నడుపుకుని ఊరుకోవాలా? ఈయన ఆ కంపెనీ పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివి, ఒక ఫైలు పెట్టి, అందరికీ కొరియా గారైపోయారు. ఎవరైనా పొరపాటున "కారు ఎలా ఉందండీ?" అని అడిగారా, అయిపోయినట్టే.

"రిపేరు షెడ్డుతో మొదలుపెట్టాడండీ ఆ మహానుభావుడు. షెడ్డు కాలిపోయింది. మళ్లీ పెట్టాడు. రోడ్లు వేశాడు, ఓడలు కట్టాడు, సొంత కారు చేశాడు. అమెరికాకి పంపితే అక్కడివాళ్లు నవ్వారు. టీవీల్లో జోకులేశారు. అప్పుడు కంపెనీ ఏం చేసింది? మొహం చాటేసిందా? ఇంజనుకు పదేళ్ల గ్యారంటీ ఇచ్చింది. పాడైతే మాదే బాధ్యత అని నలుగురి ముందూ చెప్పింది. నవ్వినవాళ్లే వచ్చి కొనుక్కున్నారు."

ఈ కథ విని విని, ఆ భవనంలోని మిగతా పన్నెండు ఇళ్లలో పదకొండింటివాళ్లు అదే కంపెనీ కారు కొన్నారు. కొంతమంది కారు నచ్చి కొన్నారు, కొంతమంది ఇక కథ వినక్కర్లేదని కొన్నారు. మిగిలింది పళ్ల డాక్టరు ఒక్కడే. ఇవాళ సభ అయ్యాక అతను కూడా బుక్ చేస్తానన్నాడు.

షీల్డు ఎందుకంటే, పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆగని కారు అని. షరతు ఒకటే. కారు తన చక్రాల మీద తను నడిచి షోరూముకు రావాలి. ఈ సంగతి తెలిసి పక్క వీధిలో ఉండే బావమరిది ఫోన్ చేసి నవ్వాడు. అతనిది వేరే కంపెనీ కారు.

"బావా, యంత్రమన్నాక ఏదో ఒకరోజు ఆగుతుంది. ఆ రోజు మీరు నా కారే ఎక్కాలి."

"నేను నీ కారు ఎక్కడమా? నడిచైనా వెళ్తాను కానీ ఎక్కను," అన్నారు కొరియా గారు. ఆ మాట ఆయన మనసులో కూడా చాలా గట్టిగానే అనుకున్నారు.

తొమ్మిదింటికి ఆయన కిందకి, పార్కింగులోకి దిగారు. కారు తళతళలాడుతోంది. ఆయన భార్య రాత్రి దాన్ని కడిగి తుడవడమే కాక, సభకు వెళ్తోంది కదా దానికీ కొత్తదేదైనా ఉండాలని, డ్రైవరు సీటు ముందు రెండు వేళ్ల మందాన కొత్త మ్యాట్ కూడా పరిచింది. పాత మ్యాట్ పాడవకూడదని దాని మీదే వేసింది. ఆవిడకు డ్రైవింగు వచ్చు, లైసెన్సు ఉంది. కానీ పద్నాలుగేళ్లలో ఆ సీట్లో ఒక్కసారీ కూర్చోలేదు. ఆయన కూర్చోనివ్వలేదు. తుడిచే హక్కు మాత్రం ఇచ్చారు.

కొరియా గారు కూర్చున్నారు. కొత్త మ్యాట్ మెత్తగా ఉందని ముచ్చటపడ్డారు. క్లచ్ తొక్కి తాళం తిప్పారు.

ఏమీ జరగలేదు. గుర్రుమనడం కాదు కదా, చిన్న మూలుగైనా లేదు. మళ్లీ తిప్పారు. లైట్లు వెలుగుతున్నాయి. బ్యాటరీ చూద్దామని హారను నొక్కితే, అది మాత్రం భవనమంతా వినపడేట్టు మోగింది. ఆయనకు చెమట పట్టింది. ఇరవై ఒకటోసారి తిప్పాక, స్టీరింగు మీద తల ఆనించి కళ్లు మూసుకున్నారు.

హారను తనని పిలవడానికే అనుకుని పళ్ల డాక్టరు గబగబా దిగొచ్చాడు. వచ్చి చూస్తే కొరియా గారు స్టీరింగు మీద వాలిపోయి, చెమటలు కక్కుతూ, పెదవులు కదుపుతున్నారు. డాక్టరు అద్దం మీద తట్టాడు.

"ఏమైందండీ? కారుకేమైనా అయిందా?"

ఆ ఒక్క మాట అడగకుండా ఉండాల్సింది. పదకొండు కార్లు చుట్టూ నిలబడి వింటున్నట్టే అనిపించింది కొరియా గారికి. ఆయన నోట్లోంచి ఆలోచన లేకుండానే జవాబు వచ్చేసింది.

"కారుకేం లేదు. నాకే... ఒంట్లో కాస్త బాగోలేదు."

"ఏం? ఎక్కడ?"

ఎక్కడో ఒకచోట చెప్పాలి కదా. చెయ్యి ఆనింది ఛాతీ మీద. అక్కడే చెప్పారు.

"ఎడంవైపా?" అన్నాడు డాక్టరు, మొహం మారిపోయి. "మీరు పక్కకి జరగండి. నేను నడుపుతాను. పది నిమిషాల్లో ఆస్పత్రిలో ఉంటాం. తాళం ఇలా ఇవ్వండి."

తాళం ఇస్తే గుట్టు రట్టవుతుంది. కొరియా గారు దాన్ని లాగి ఎడం గుప్పిట్లో బిగించారు. డాక్టరు వేళ్లు విప్పబోయాడు. ఆయన ఇంకా బిగించారు. పళ్లు పీకే చెయ్యి కదా, అయినా విప్పలేకపోయాడు.

"చెయ్యి బిగుసుకుపోయింది," అని డాక్టరు పైకి చూసి కేక వేశాడు. "ఎవరైనా రండి. ఈయనకి ఎడం చెయ్యి కూడా పట్టేసింది."

ఐదు నిమిషాల్లో భవనంలో సగం మంది పార్కింగులో ఉన్నారు. ఒకరు విసనకర్రతో విసిరారు, ఒకరు చొక్కా గుండీలు విప్పారు, ఒకరు అరికాళ్లు రుద్దారు. ఆయన భార్య చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి, ఆయన్ని చూసి గట్టిగా ఏడ్చేసింది. ఆ ఏడుపు విన్నప్పుడు చెప్పేద్దామనుకున్నారు కొరియా గారు. నోరు తెరిచారు కూడా. "మాట్లాడకండి, శ్రమ పడకూడదు," అని డాక్టరు ఆయన నోరు మూశాడు.

"మా కార్లో తీసుకెళ్దాం," అన్నారు ఇద్దరు ముగ్గురు. కానీ కొరియా గారి కారు పార్కింగు దారికి అడ్డంగా ఉంది. అది కదిలితే తప్ప వెనకవి బయటికి రావు. దాని తాళం గుప్పిట్లో ఉంది. ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. రెండు నిమిషాల్లో గేటు బయట బావమరిది కారు వచ్చి ఆగింది.

నలుగురు కలిసి ఆయన్ని ఎత్తి అందులో పడుకోబెట్టారు. బావమరిది ఒక్క పరిహాసం ఆడలేదు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "బావా, మీకేం కాదు, నేనున్నాను," అన్నాడు. అతను నవ్వి ఉంటే కొరియా గారు తట్టుకునేవారు. ఇది తట్టుకోలేకపోయారు. నిజంగానే గుండెలో ఏదో కలుక్కుమంది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ వైర్లు తగిలించింది, కాగితం తీసి చూసింది, మళ్లీ తీసింది. అందర్నీ బయటికి పంపి తలుపు వేసింది.

"మీ గుండె నా గుండెకన్నా బాగుంది. అసలేమైందో చెప్పండి."

కొరియా గారు గోడ గడియారం వంక చూశారు. పదీ పది. ఇంక దాచడానికేం మిగిలింది? "కారు స్టార్ట్ కాలేదమ్మా," అన్నారు చిన్నగా.

ఆవిడ ఏ కారని అడిగింది. చెప్పారు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నాదీ అదే. లైట్లు వెలిగాయా? హారను మోగిందా? తాళం తిప్పితే మాత్రం చప్పుడే లేదా?"

"అవునమ్మా."

"క్లచ్ చివరిదాకా దిగితే తప్ప అది స్టార్ట్ కాదు. పెడల్ కింద ఏమైనా అడ్డం పడిందేమో. ఈమధ్య మ్యాట్ మార్చారా?"

కొరియా గారు మంచం మీద లేచి కూర్చున్నారు. జబ్బు కుదిరింది. చొక్కా కోసం చెయ్యి చాచారు కానీ డాక్టరమ్మ కదలనివ్వలేదు.

"ఎక్కడికి? ఛాతీ నొప్పి అని మీవాళ్లు రాయించేశారు. సాయంత్రం దాకా మిమ్మల్ని ఇక్కడ ఉంచాల్సిందే."

"నొప్పి లేదని మీకు తెలుసు కదమ్మా."

"నాకు తెలుసు. రికార్డుకి తెలియదు."

ముప్పై ఏళ్లుగా నీటి సరఫరా ఆఫీసులో జనానికి ఆయన చెబుతున్న మాట అది. ఆయన పడుకున్నారు.

భార్య లోపలికి వచ్చింది. ఆయన ఆవిడకు జరిగిందంతా చెప్పారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత అంది.

"పొద్దున్నుంచి నా ప్రాణం తోడేశారు కదండీ. కారు పరువు కోసమా?"

"తప్పయింది."

"కాళ్లు చేతులు ఆడక, మొక్కని దేవుడు లేడు."

"తప్పయిందన్నాను కదా. మనవాళ్లకి నేనే చెప్తాను." కొరియా గారు గుప్పిట విప్పారు. తాళం చెవి అచ్చు అరచేతిలో ఎర్రగా పడింది. "ఇంకా నలభై నిమిషాలుంది. మ్యాట్ తీసేసి, కారు నువ్వు తీసుకెళ్లు. ఉపన్యాసం కాగితం ముందు సీట్లో ఉంది."

ఆవిడ తాళం వంక చూసింది. పద్నాలుగేళ్లు తుడిచిన కారు. "నేను నడిపితే దానికేమైనా అయితే?"

"అయితే అయింది. నువ్వు వెళ్లు," అన్నారాయన.

ఆవిడ వెళ్లింది. మ్యాట్ తీసి చెత్తబుట్ట పక్కన పారేసింది. కారు ఒక్క తిప్పుకే లేచింది. పదకొండుకి రెండు నిమిషాలుండగా షోరూము ముందు ఆగింది. ఉపన్యాసం చదివి, చప్పట్లు కొట్టించుకుని, షీల్డు తీసుకుని వచ్చింది. కొంచెం దూరపు దారిలో వచ్చింది.

సాయంత్రం ఇంట్లో షీల్డు ఎదురుగా పెట్టుకుని కొరియా గారు కూర్చున్నారు. పరువు దక్కింది. భవనమంతా పరామర్శకు వచ్చింది. అప్పుడు పళ్ల డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"మీరేం అనుకోకండి. నేను ఆ కారు బుక్ చేయలేదు. మీ బావమరిది గారి కంపెనీది చేశాను."

"అదేంటండీ? షీల్డు వచ్చింది కదా."

"కారు గట్టిదే. కాదనను. నడిపేవాడి సంగతే ఆలోచిస్తున్నాను. ఛాతీ ఎడంవైపు, చెయ్యి ఎడంది, క్లచ్ తొక్కే కాలూ ఎడందే. పద్నాలుగేళ్లు తొక్కారు. ఫలితం చూశాం. వాళ్ల కారు క్లచ్ ఇలా తాకితే అలా దిగుతుందట."

గదిలో పదకొండు ఇళ్లవాళ్లు ఎవరి ఎడం మోకాలు వాళ్లు తడుముకున్నారు. ఒకరు అమ్మేస్తే ఎంతొస్తుందని నెమ్మదిగా అడిగారు కూడా.

కొరియా గారు లేచి నిలబడ్డారు. "అయ్యా, నాకేం లేదు. నిజం చెప్తున్నాను. పొద్దున ఆగింది కారే. నేను అబద్ధమాడాను."

బావమరిది వచ్చి ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. "కారు మీద ఎంత ప్రేమ చూశారా? నింద తన మీద వేసుకుంటున్నారు. పడుకోండి బావా."

"ఒరే, మ్యాట్ అడ్డం పడిందిరా. మీ అక్కనడుగు."

అందరూ ఆవిడ వైపు చూశారు. పొద్దున ఏడ్చిన ఏడుపు ఆవిడ ఇంకా మరిచిపోలేదు. "డాక్టరమ్మ రెస్టు తీసుకోమంది," అని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

బావమరిది కారు దగ్గరగా చూద్దామని కిందకి దిగిన పళ్ల డాక్టరు చెత్తబుట్ట పక్కన మ్యాట్ చూశాడు. "ఇంత మంచిది పారేశారేంటి? నా కొత్త కారులో వేసుకుంటాను," అన్నాడు. బావమరిదిని సాగనంపడానికి దిగిన కొరియా గారు ఆదుర్దాగా అడ్డం వెళ్లారు.

"అది వేస్తే కారు స్టార్ట్ కాదండీ."

"అలాగే, అలాగే," అన్నాడు డాక్టరు, పేషెంటుతో మాట్లాడే గొంతుతో. మ్యాట్ చంకలో పెట్టుకుని వెళ్లాడు.

డాక్టరు కొత్త కారు నెల తిరక్కుండా వచ్చింది. దాని గొప్పలు చెప్పి చెప్పి అతను ఇద్దరి చేత అప్పుడే పాతవి అమ్మించే దాకా తెచ్చాడు. కారుకు వారం నిండిన రోజు, ఉన్న మ్యాట్ మీదే ఆ మ్యాట్ కూడా వేశాడు. మర్నాడు పొద్దున కొరియా గారు బాల్కనీలో కాఫీ తాగుతూ ఉంటే కింద హారను మోగింది. ఆగి ఇంకోసారి మోగింది. ఇద్దరు ముగ్గురు కిటికీల్లోంచి తొంగి చూశారు. ఆయన తీరిగ్గా కప్పు కింద పెట్టి, మెట్లు దిగి, డాక్టరు కారు అద్దం మీద తట్టారు.

"ఏమైందండీ? కారుకేమైనా అయిందా?"

డాక్టరు స్టీరింగు మీంచి తల ఎత్తాడు. చుట్టూ కిటికీల్లోని మొహాలు చూశాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"అబ్బే, కారుకేం లేదు. నాకే... కాస్త కళ్లు తిరిగినట్టుంది."

కొరియా గారు మ్యాట్ వంక ఒకసారి చూసి, తలుపు తీసి, డాక్టరు నాడి పట్టుకుని, అంబులెన్సుకి ఫోన్ చేయమని పైకి కేక వేశారు.