హుసేనప్ప ఇంట్లో రణధీర్

ఆదోని మార్కెట్ యార్డులో హుసేనప్ప చేతికి మంచి పేరుంది. పత్తి కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు లాగి, పీచు సాగదీసి చూశాడంటే కుప్ప మొత్తం జాతకం చెప్పేస్తాడు. వ్యాపారులు అతని మాట దాటరు. ఇంట్లో మాత్రం ఆ చేతికి గిరాకీ తగ్గి చాలా కాలమైంది.

భార్య మల్లేశ్వరి గొడవపడే మనిషి కాదు. వేళకు అన్నం పెడుతుంది, అడిగితే జవాబు చెబుతుంది. గొడవపడినా బాగుండును అనిపించేది హుసేనప్పకు. కాస్త తీరిక దొరికితే ఆవిడ గోడకానుకుని ఫోన్ చూసుకుంటూ తనలో తాను నవ్వుకుంటుంది. ఆ నవ్వు ఎవడికో పోతోందని అతనికి లోపల గుచ్చుకునేది.

"ఏందిమే అది?" అని ఒక ఆదివారం అడిగాడు.

"కథ."

"ఏం కథ?"

"ప్రేమ కథ."

"పెండ్లయి ఇద్దురు పిల్లోల్లు పుట్టినాక ప్రేమ కథేందిమే?"

"పుట్టినాకే గదా మామా, అది యాడా లేదని తెలిసేది."

హుసేనప్పకు అన్నం సహించలేదు.

ఆవిడ స్నానానికి వెళ్లగానే ఫోన్ తీశాడు. కథ చాలా పొడుగు. మొదటి నుంచి చదివే ఓపిక ఎవరికుంది? వృత్తి ధర్మం ప్రకారం మూడు చోట్ల చెయ్యి పెట్టి మూడు పిడికిళ్లు లాగాడు. మొదటి చోట రణధీర్ భూపాల్ అనేవాడు ఒకావిడ నడుం పట్టుకుని ఉన్నాడు. రెండో చోట వాన, ఆగిపోయిన కారు, ఆ కారులో వాళ్లిద్దరూ. మూడో చోట చదివేసరికి హుసేనప్ప చెవులు కాలాయి. ఫోన్ బోర్లా పెట్టేసి తలుపు వైపు చూశాడు.

కుప్పంతా ఒకటే సరుకని తేల్చుకున్నాడు. ఆవిడకు కావలసింది ఇదే అయితే తానేం తక్కువ తిన్నాడా? రణధీర్ కావాలంటే రణధీరే అవుదాం అనుకున్నాడు. ఆదోనిలో కొంటే తెలిసినవాళ్లు ఆరా తీస్తారని ఎమ్మిగనూరు వెళ్లి మరీ నల్ల చొక్కా, సెంటు సీసా కొనుక్కొచ్చాడు.

మర్నాడు సాయంత్రం మల్లేశ్వరి రొట్టెలకు జొన్నపిండి కలపడానికి పొయ్యి మీంచి వేడినీళ్ల గిన్నె దించుతోంది. హుసేనప్ప ఊపిరి బిగబట్టి వెనక నుంచి వచ్చి, ఆవిడ నడుం పట్టుకుని, గొంతు బొంగురు చేసి అన్నాడు:

"నువ్వు నాదానివి."

మల్లేశ్వరి కెవ్వుమంది. మోచెయ్యి వెళ్లి అతని ముక్కుకు తగిలింది, గిన్నె వెళ్లి అతని పాదం మీద పడింది. రణధీర్ భూపాల్ ఒంటికాలి మీద గెంతుతూ "అమ్మా!" అని అరిచాడు.

పిలిచినందుకు అమ్మ వచ్చింది.

"ఏమైందిరా? ఈ సెంటు కంపేంది?" అంది సుభద్రమ్మ.

నొప్పి ఒకవైపు, సిగ్గు ఒకవైపు. మగవాడికి ఆ రెండూ కలిస్తే కోపమవుతుంది. "నీ కోడల్ని అడుగు! ఫోన్‌లో ఏం సదువుతాందో అడుగు! రణధీర్ అంట, వాడంట, వాని యవ్వారాలంట! నోటితో సెప్పేటివి కావు!"

ఇక ఇల్లు దద్దరిల్లుతుందని అతని ఆశ. సుభద్రమ్మ మాత్రం కోడలు తెచ్చిన చల్లనీళ్లు కొడుకు పాదం మీద నిదానంగా పోసింది.

"రణధీర్‌ను యాల తిడతావురా? ఆయప్ప మంచోడే."

హుసేనప్ప నోరు తెరుచుకుంది. "నీకెట్ల తెలుసు?"

"నాకు సదువు రాదు గదా. మజ్జాన్నం పూట మల్లేశ్వరి సదివి ఇనిపిస్తాది."

"అమ్మా! ఆ... ఆ మాటలు గూడానా?"

"ఆ మాటలు లేకుండానే నువ్వు పుట్టినావారా?"

మల్లేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "యాడ సదివినావు మామా?"

చెప్పాడు. నడుం, కారు. మూడోది మాత్రం చెప్పలేదు.

"వాటికి ముందర ఏముందో సూసినావా?"

"లేదు."

"ఆ యమ్మ పనికి పోయి వస్తే, కాళ్లు నొస్తాండాయా అని అడిగినాడు. ఈ పొద్దు వద్దు అంటే, సరే అని పక్కన కూసున్నాడు. అలగలేదు. కారులో గూడా, నీకు ఇష్టమేనా అని అడిగినాకే చెయ్యి పట్టుకున్యాడు. మూడోది గూడా నాకు ఇష్టమే, అబద్ధం యాల సెప్పల్ల? కానీ అడిగినాకే."

సుభద్రమ్మ చెంబు కింద పెట్టింది.

"మీ నాయన మంచోడేరా. తాగలేదు, కొట్టలేదు. నీకేం కావాల సుభద్రా అని మాత్రం సచ్చేదాంకా అడగలేదు. అడిగింటే ఏం సెప్తుంటినో నాకే తెలీదు. ఈ వయసులో ఆ కథ ఇంటాంటే ఒక్కొక్కటి తెలుస్తాండాది. ఇప్పుడు తెలిసి ఎవురికి సెప్పేది?"

హుసేనప్పకు పాదం మంట మరుపున పడింది. తండ్రి మీద కోపం రాబోయి, అది తన మీదే వచ్చి కూర్చుంది. నల్ల చొక్కా గుండీలు విప్పుకుంటూ, నేల వైపు చూస్తూ అడిగాడు.

"నీకేం కావాల మల్లేశ్వరీ?"

మల్లేశ్వరి అతని వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంత బిన్నా, ఉన్నట్టుండి అడిగితే యాడ నుంచి తెచ్చేది మామా, జవాబు? ఆలోచన చేసి సెప్తా. అంతవరకు ఆ రొట్టెలు నువ్వు కాల్చు."

అత్తాకోడళ్లు ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. హుసేనప్ప కుంటుకుంటూ పొయ్యి దగ్గర కూర్చున్నాడు. మొదటి రొట్టె మాడింది. రెండోది విరిగింది. మూడోది పెనం మీద ఉండగా మల్లేశ్వరి వచ్చి పక్కన కూర్చుంది.

"తెలిసింది మామా."

అతను పెనం మీంచి తల తిప్పాడు. "ఏంది?"

"ఒకటి, రేపు గూడా రొట్టెలు నువ్వే కాల్చల్ల."

"సరే. ఇంకొకటి?"

మల్లేశ్వరి తల వంచుకుంది. "అది అత్త ఇనేటట్ల సెప్పేది కాదు."

లోపలి గదిలోంచి సుభద్రమ్మ గొంతు ఖంగుమంది.

"సెప్పుకోండి సెప్పుకోండి, నాకు ఈ పొద్దు నుంచి సెవుడే!"